పైపుల మావయ్య కళ్ళు

హలో… ఆ, నేనేనండీ. పత్రికాఫీసులో నంబరిచ్చి వారం నుంచి వాళ్ళ ప్రాణం తీస్తున్నది నేనే.

…అయ్యో, నన్ను 'గారూ' అనకండి. స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో కటింగు చేస్తాను నేను. …ఆ, గుడ్డ కత్తిరించే పనే. …లేదండీ, నేను కథలు రాయను. రాయను అంటే… దాని గురించే మీతో మాట్లాడాలని.

ఒక్క నిమిషం సార్. తలుపు దగ్గరగా వేస్తా.

…ఆ. మా తమ్ముడు మేడ మీదికెళ్ళాడు, ఆరేసిన బట్టలు తేవడానికి. వాడు దిగొచ్చేలోపు మీకు చెప్పేయాలి. …లేదులెండి, టైము పడుతుంది. మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగుతాడు. వాడికి చూపు లేదు.

…నాలుగేళ్ళయింది. ఐసు ఫ్యాక్టరీలో చేసేవాడు. గ్యాసు పైపు పగిలి మొహం మీదికి కొట్టింది. …రెండూనండీ. …ముగ్గురు డాక్టర్లకి చూపించాను. ఇంక రాదన్నారు. ముగ్గురిదీ ఒకటే మాట.

…వాడికి మీ లోతూరు కథలు నేనే చదివి వినిపిస్తాను. ప్రతి నెలా. పత్రిక వచ్చిన రోజు తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చుంటాడు, సినిమాకి వెళ్ళేవాడిలా.

…నాకా? నిజం చెప్పమంటారా? మొదట్లో ఒళ్ళు మండేది. మూడొందల ఏళ్ళ తర్వాతట, నేల కింద తొమ్మిదంతస్తుల ఊరట, పీల్చే గాలి పైపుల్లో వస్తుందట… పొద్దంతా నిక్కర్లు కత్తిరించి వచ్చినదాన్ని, నాకెందుకీ గోల అనుకునేదాన్ని. ఇప్పుడు మా వీధి కంటే లోతూరే బాగా తెలుసు. నాలుగో అంతస్తులో బడి, దాని పక్కన మొక్కల గది, ఆ గదిలో తుమ్మితే తిట్టే టీచరమ్మ… కళ్ళు మూసుకుని తిరిగేయగలను.

…నవ్వకండి సార్. నేనేం నవ్వించడానికి నంబరివ్వలేదు.

…మీ మూడో కథలో పైపుల మావయ్యకి ఆవిరి కొట్టి కళ్ళు పోయాయి కదా. ఆ కథ చదివిన మర్నాడే మావాడు మంచం దిగాడు. అప్పటిదాకా గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాడండీ. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. మీ మావయ్య పైపు మీద వేలితో కొట్టి ఎక్కడ పూడుకుపోయిందో చెప్తాడే… వీడు వంటింట్లోకి తడుముకుంటూ వచ్చి గ్యాసు సిలిండరు తట్టి, 'అక్కా, నాలుగు రోజులొస్తుంది' అన్నాడు. సరిగ్గా నాలుగు రోజులే వచ్చింది.

…అవునండీ. అక్కణ్ణించి మిమ్మల్ని నెత్తిన పెట్టుకున్నాడు. కథ అయ్యాక చివర మీరు చిన్న అక్షరాల్లో వేస్తారు చూడండి, 'ఇందులో నిజమెంత' అని… కథలోది ఏది నిజం సైన్సు, ఏది మీరు కల్పించింది అని… వాడికి కథ కంటే అదే ముఖ్యం. 'ఈయన నోటికొచ్చింది రాసే రకం కాదక్కా, అన్నీ చూసుకుని రాస్తాడు' అంటాడు.

…థాంక్సు నాకెందుకండీ. ముందు వినండి.

…మీరు ఆయన్ని చంపేశారు కదా.

…ఏడు నెలలైంది. ఆ లోతైన గాలి గొయ్యి, షాఫ్టులో పడేసి. …గుర్తుందిలెండి, 'పడేశాను' అని మీరొప్పుకోనక్కర్లేదు, నేను చదువుతూనే ఉన్నాను, గట్టిగా, మావాడు ఎదురుగా కూర్చుని వింటున్నాడు. గాలి చప్పుడు ఆగిపోయింది, మావయ్యకి దారి తెలియలేదు, కాలు ముందుకేశాడు… కింది వాక్యం నా కంటికి ముందే కనపడింది. వాడేమో 'ఊఁ, చదువక్కా' అంటున్నాడు. ఏం చేయను?

…గొలుసు పట్టుకున్నాడని చదివాను.

…మీరు రాయలేదు. తెలుసండీ. అక్కడ గొలుసు లేదు. నేనే వేలాడదీశాను.

…హలో? …ఉన్నారా?

…మీకు కోపం రావడం సబబే. మీ సొమ్ము కదా. కానీ ఆ ఒక్క గొలుసుతో పోతుందనుకున్నాను సార్. వచ్చే నెల మీరు ఎవరి గురించో రాస్తారు, మావయ్య ఊసే ఉండదు, సరిపోతుంది అనుకున్నా. మీరేమో పంపు గదికి ఆయన పేరు పెట్టారు. ఆపై నెల పిల్లలంతా పైపులు తట్టి ఆయన్ని తలుచుకున్నారు. ప్రతి కథలోనూ ఆయన్ని చంపుతూనే ఉన్నారు మీరు. నేను బతికిస్తూ వచ్చాను. మీరు పేరు పెట్టిన గదిలో నేను మనిషినే కూర్చోబెట్టాను.

…ఆ, పేజీలు తిప్పేదాన్ని. చప్పుడు రావాలి కదా. ఆరు పేజీల కథకి మూడుసార్లు తిప్పాలి. ఒకసారి నాలుగుసార్లు తిప్పితే, 'ఈ నెల ఎక్కువిచ్చారే' అని ఎంత సంబరపడ్డాడో.

…ఎందుకు చంపారండీ, అసలు?

…ఏంటీ? …ముప్ఫై ఒక్క కథలయ్యాక ఆయనతో చెప్పించడానికి ఏం మిగల్లేదంటారా. …సరే. మీకు మిగల్లేదేమో. మాకు మిగిలిందండీ.

…కాదు కాదు, పోట్లాటకి కాదు. మీరు పెట్టేయకండి, దయచేసి. అసలు సంగతి ఇంకా చెప్పనేలేదు.

…రెండు నెలల కింద మావాడు మళ్ళీ మంచమెక్కాడు. గ్లాసులో పోస్తున్నాననుకుని వేడి టీ చేతి మీద పోసుకున్నాడు. కాలినందుక్కాదు ఆ ఏడుపు. పక్కింటి పాప చూసి నవ్విందట. రెండ్రోజులు తిండి లేదు. అప్పుడే పత్రిక వచ్చింది. చదవనా అంటే, 'ఎందుకక్కా, మావయ్య కూడా ఇలాగే పోతాడు ఎప్పుడో' అన్నాడు. …అందుకని…

…మావయ్యకి కళ్ళిచ్చేశాను.

…ఐదో అంతస్తు ఆస్పత్రిలో. …నాకేం తెలుసు సైన్సు? నాకు తెలిసింది గుడ్డ. కంటికి లోపల లైనింగులాగా పల్చటి పొర వేసి కుట్టారని చెప్పాను. వాడు లేచి కూర్చున్నాడు సార్. లేచి కూర్చుని, 'నిజమెంత చదువు' అన్నాడు.

…ఆ. అది మర్చిపోయాను. కళ్ళు ఇచ్చేటప్పుడు కింద ఆ చిన్న అక్షరాలు ఉంటాయన్న ధ్యాసే లేదు.

…అదీ అల్లాను. 'ఈ పొర కల్పన కాదు. ఒక పరిశోధనశాలలో తయారైంది. ఆరు నెలల్లో మామూలు ఆస్పత్రులకి వస్తుంది' అని.

…ఆరు నెలలేమిటంటే ఏం చెప్పను? మా పనిలో అలవాటది. ఎవరొచ్చి ఎప్పుడిస్తారన్నా 'గురువారం' అనేస్తాం. గడువు చెప్తేనే మనిషి నమ్మి ఇంటికెళ్తాడు. గుడ్డ ముట్టుకోకపోయినా సరే, గురువారం. ఆ నోటితోనే ఆరు నెలలన్నాను.

…మూడుసార్లు చదివించుకున్నాడు. రెండోసారికి నేను మాట మర్చిపోతే వాడే అందించాడు.

…లేదు, మీరు తిట్టండి. తిట్టాల్సిందే. కానీ తిట్టి సాయం చేయండి.

…చెప్తా. చూపులేనివాళ్ళకి ట్రైనింగ్ సెంటర్ ఒకటుంది, బస్సులో నలభై నిమిషాలు. పదకొండు నెలలు అక్కడే ఉంచుకుని నేర్పిస్తారు. కర్రతో రోడ్డు దాటడం, చుక్కల అక్షరాలు చదవడం, తర్వాత ఏదైనా ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్ పని. రెండేళ్ళు తిరిగాను ఆ సీటు కోసం. కాళ్ళావేళ్ళా పడ్డాను. వచ్చింది. ఇవాళే ఆఖరు. సాయంత్రం ఐదింటికల్లా వెళ్ళి సంతకం పెట్టకపోతే లిస్టులో తర్వాతి మనిషికి ఇచ్చేస్తారు. మళ్ళీ మూడేళ్ళకి తీసుకుంటారట. ముప్ఫై ఐదు దాటితే తీసుకోరు. వాడికి ముప్ఫై నాలుగు.

…వెళ్ళనంటున్నాడు. 'ఇంక నాలుగు నెలల్లో కళ్ళొస్తుంటే కర్ర పట్టుకోవడం నేర్చుకోమంటావేంటక్కా, నీకు మతిపోయిందా' అంటున్నాడు. బ్యాగు సర్ది మంచం కింద పెట్టాను. అలాగే ఉంది.

…ఇప్పుడు టైమా? నాలుగు కావడానికి పది నిమిషాలుంది.

…వచ్చే నెల సవరణ వేస్తారా? వచ్చే నెలకి సీటెక్కడుంటుందండీ? అయినా ఆ సవరణ చదివి వినిపించేది ఎవరు, నేనేగా.

…లేదు. నేను ఇంకా చెప్పలేదు. …ఎలా చెప్పనండీ? మీరు కాగితం మీద చంపారు. నేను వాడి మొహం చూస్తూ చంపాలి. ఏడు నెలలుగా నోరు పెగలట్లేదు. …అవును, పిరికిదాన్నే. …అవును, నా తప్పే. మీరన్న ప్రతి మాటా నిజమే. అందుకే మీరే చెప్పండి అంటున్నాను. మీరు చెప్తే వింటాడు. 'బాబూ, మావయ్య పోయాడు, ఆ పొర లేదు, వెళ్ళి చేరు' అనండి. మూడు ముక్కలు.

…చెప్తారా? …మీకు దణ్ణం పెడతాను సార్. …'నిజం చెప్పడానికి అంత కష్టమేముంది' అంటారా. సరే. మీరే చూద్దురుగాని.

…ష్… వస్తున్నాడు.

—ఇలారా. ఆ బట్టలు కుర్చీలో పడెయ్. …మడతలు తర్వాత పెడుదువులే. ఫోన్లో ఎవరో చెప్పు. …షాపు వాళ్ళు కాదు. …లోతూరు కథలాయన్రా. …నిజంగా. ఆయనే చేశారు.

…ఒక్క నిమిషం సార్, వాడు నమ్మట్లేదు.

—ఒరేయ్, ముందు నా మాట విను. కూర్చో. …సరే, నిలబడే విను. మావయ్య పోయాడురా. …పైపుల మావయ్య. ఏడు నెలలైంది. షాఫ్టులో పడిపోయాడు. ఆ గొలుసు… గొలుసు లేదు. తర్వాత నీకు చదివినవన్నీ నేను అల్లినవి. కళ్ళు కూడా. చివర్న ఆ 'నిజమెంత' కూడా. ఆరు నెలలూ లేదు, పొరా లేదు.

…

…లేదండీ, ఏడవట్లేదు. నవ్వుతున్నాడు.

—ఎందుకు నవ్వుతున్నావ్? …ఏంటీ? …నిన్ను ట్రైనింగుకి తోలడానికా? దానికోసం ఇంత కథ అల్లుతానా నేను? …అల్లానురా, ఇది కాదు నేను అల్లింది, అది… అబ్బ. ఆయన్నే అడుగు. ఇదిగో ఫోను. …పట్టుకోవా? సరే, స్పీకర్లో పెడతా.

…సార్, స్పీకర్లో ఉన్నారు. …వినపడుతోంది. మీకు వాడి మాట వినపడుతోందా? …లేదా. గుమ్మం దగ్గర నిలబడ్డాడు లెండి, దగ్గరికి రమ్మంటే రావట్లేదు. నేను చెప్తాను.

మూడు ప్రశ్నలడుగుతాడట. మూడింటికీ జవాబు చెప్తే మీరు మీరే అని నమ్ముతాడట. అప్పుడు మీరేం చెప్పినా వింటాడట. …మాటిచ్చావ్, గుర్తుంచుకో. …బ్యాగు తీసుకుని బస్సెక్కమన్నా ఎక్కుతాడటండీ.

…మొదటిది. లోతూరులో గాలి తగ్గితే ఏ రంగు దీపం వెలుగుతుంది?

…ఆకుపచ్చ. —విన్నావా? …అది ఎవరైనా చెప్తారా? సరే, రెండోది అడుగు.

…లిఫ్టు ఎక్కడ ఇరుక్కుంటుంది అని అడుగుతున్నాడు. …అదేనండీ, బడి పిల్లలు ఎక్కినప్పుడల్లా ఇరుక్కుంటుందే, ఏ అంతస్తుల మధ్య?

…ఐదూ ఆరూ?

…సార్, కాస్త ఆలోచించి చెప్పండి. …ఆరూ ఏడూ అంటున్నాడు వాడు. …వాడిదే కరెక్టు సార్. పదకొండో కథ. మీరే రాశారు.

—ఆయన రాసి ఎన్నేళ్ళయిందిరా. నువ్వైతే రోజూ తిరుగుతుంటావ్ అందులో. రాసినాయన మర్చిపోడా? …సరే, వదిలేశాడండీ. పోనీలే అంటున్నాడు. మూడోది చెప్తే చాలట.

…

—అది వద్దురా. …ఇంకోటి అడుగు. …అది కాకుండా ఏదైనా అడుగు. …ఎందుకంటే అది నేను… ఒరేయ్…

…సార్. వాడేమడుగుతున్నాడంటే… మావయ్యకి కళ్ళు వచ్చాక, కట్టు విప్పగానే, మొట్టమొదట చూసింది ఏంటి అని.

…

సార్, మీరు చెప్పాల్సింది తెలుసు కదా. ఇదే అదను. 'నేనది రాయలేదు' అనండి.

…ఆ, దగ్గరికొచ్చాడు. …ఇప్పుడు వాడి గొంతు మీకు వినపడుతోందా? …ఆ, వాడే. ఊరికే వివరం అడుగుతున్నాడు, నొప్పి పుడుతుందా, వెలుతురు ఒక్కసారిగా వస్తుందా, మెల్లగా వస్తుందా అని. …మీరు మాట్లాడండి. …సార్?

…ఏమన్నారు?

…'తన చేతులు' అన్నారా.

…అయ్యో. సార్… అయ్యో…

…తప్పండీ.

…తప్పు. …వెళ్ళిపోయాడు. వంటింట్లోకి. …స్పీకరు తీసేశాను, ఇప్పుడు నేనొక్కదాన్నే వింటున్నా.

…మీరెందుకలా అన్నారండీ? 'నేను రాయలేదు' అంటే అయిపోయేది కదా. నిజం చెప్పడానికి కష్టమేముందని అన్నది మీరే. పావుగంట కాలేదు.

…ఊఁ.

…ఊఁ. …తెలుసండీ. ఆ గొంతు విన్నాక నోరు రాదు. నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. …లేదు, మిమ్మల్ని అనట్లేదు. నేను ఏడు నెలల్లో చెప్పలేనిది మీరు ఒక్క నిమిషంలో ఎలా చెప్తారు? నాదే బుద్ధి తక్కువ.

…ఏం చూశాడా? కట్టు విప్పింది పంపు గదికి తీసుకొచ్చాకే అని చెప్పాను, ఆ గది కిటికీ అద్దం. దాని మీద దుమ్ము. 'ఇన్నాళ్ళూ ఎవరూ తుడవలేదా' అని గుడ్డ అడిగాడు. …నేను చెప్పింది అంతే.

…బావుందా. బావుంటే ఏం లాభం సార్.

…మళ్ళీ పిలవనా? …పిలిచాను కదా, విన్నారుగా. రానంటున్నాడు. 'పాపం ఎవరో మంచాయన్ని పట్టుకొచ్చావ్, ఎందుకాయన్ని ఇబ్బంది పెడతావ్, పెట్టేయ్' అంటున్నాడు. కోపం కూడా లేదండీ వాడికి. అదే బాధ. కోపమొస్తే కనీసం నమ్మాడనుకునేదాన్ని.

…వేరే ఎవరితోనైనా చదివించమంటారా? ఆ చంపిన కథ? పక్కింటావిడ చదువుతుంది. నేనే నేర్పి పంపానంటాడు. ఎవరు చదివినా వాడికి అందేది గొంతే కదండీ, కాగితం కాదు. పుస్తకం వాడి ఒళ్ళో పెట్టినా అట్ట తడిమి ఇచ్చేస్తాడు.

…అవును. ఆ సెంటర్లో చేరితే చుక్కల అక్షరాలు వచ్చేవి. వాడి వేళ్ళతో వాడే చదువుకునేవాడు. అప్పుడు నేను అబద్ధాలాడానని తెలిసేది. …తెలిసి తిట్టేవాడు. కడుపునిండా తిట్టించుకునేదాన్ని.

…టైమా? నాలుగుంపావు దాటింది. బస్సు ఇప్పుడెక్కితే అందుతుంది. …చేయి పట్టుకుని లాక్కెళ్ళాలంటే వాడు చిన్నపిల్లాడా సార్? వెళ్ళినా, సంతకం వాడే పెట్టాలి.

…సెంటర్‌కి మీరు ఫోన్ చేస్తారా? చేయండి. నేను నిన్న చేశాను. ఒక్కరోజు ఆగమన్నాను. లిస్టులో తర్వాతి అమ్మాయి గేటు దగ్గరే కూర్చుని ఉందట పెట్టెతో. ఆ పిల్లకి కూడా కళ్ళు లేవు. ఏమనగలం?

…వస్తున్నానురా. …లేదు, ఇంకా ఆయనతోనే.

…ఈ నెల పత్రిక పొద్దున వచ్చింది సార్. అది చదవమంటున్నాడు. చొక్కా కూడా మార్చుకున్నాడు. …ఇంకా విప్పలేదు నేను. ఏం రాశారు ఇందులో? …మావయ్య సంవత్సరీకమా. మీ కథలో అప్పుడే ఏడాదైందన్నమాట.

…ఉన్నదున్నట్టు చదవనా? చదవొచ్చు. అక్షరం పొల్లుపోకుండా చదవొచ్చు. మావయ్య పోయాడన్న చోట వాడు నవ్వి, 'చాల్లే అక్కా, అసలుది చదువు' అంటాడు. ఇప్పుడు మీరు రాసింది నేను అల్లింది అయిపోయింది. నేను అల్లిందే మీరు రాసింది. నేను నిజం చెప్తే ఇంక ఏ విలువా లేదండీ, అబద్ధానికి మాత్రం ఉంది.

…మీరేం చేస్తారు, పాపం. ఫోన్ చేశారు, అదే ఎక్కువ. …వద్దండీ, క్షమాపణలెందుకు. …ఆ. …ఆ, ఆ నాలుగు నెలలూ అయ్యాక ఏం చెప్తానో నాకూ తెలియదు.

—వచ్చేశా, వచ్చేశా. …పుస్తకం నా చేతిలోనే ఉంది. …ఆ, దీపం వేస్తున్నాలే, నాక్కావాలిగా.

…ఉంటాను సార్. మావాడు కూర్చున్నాడు. కథ వినేటప్పుడు వాడు కళ్ళు మూసుకుంటాడు, ముందునుంచీ అలవాటు. మూసుకున్నాడు. నేను మొదలుపెట్టాలి.